ఆస్ట్రేలియా పూలు, పిట్టలు బట్టల మీదికి వచ్చిన కథ: సిడ్నీ ప్రదర్శన గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

సిడ్నీలోని పవర్‌హౌస్ మ్యూజియంలో 2019 అక్టోబరులో ‘స్టెప్ ఇన్‌టు పారడైజ్’ అనే ప్రదర్శన మొదలైంది. జెన్నీ కీ, లిండా జాక్సన్ అనే ఇద్దరు డిజైనర్ల జీవితకాలపు పని అది. చూసి వచ్చి దాని గురించి చెప్పడం మొదలుపెట్టినప్పటి నుంచి నన్ను అందరూ దాదాపు ఒకే ప్రశ్నలు అడుగుతున్నారు. వారిలో హైదరాబాదులో వస్త్ర రూపకల్పన చదివే విద్యార్థులు ఉన్నారు, సిడ్నీలో కొత్తగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి, పిల్లల దగ్గరికి ఆరు నెలల కోసం వచ్చిన తల్లిదండ్రులు ఉన్నారు. ఆ ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఒకచోట చేర్చాను. ఎక్కడి నుంచి చదివినా ఇబ్బంది లేదు, ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమవుతుంది.

## కొత్తగా వింటున్నవారికి

ఈ ప్రదర్శన దేని గురించి?

ఆస్ట్రేలియా అడవి పూలు, పక్షులు, జంతువులు, ఒపల్ రాళ్లు, పగడపు దిబ్బలు, ఎర్ర మట్టి ఎడారి ఇవన్నీ గౌన్లుగా, స్వెట్టర్లుగా, పట్టు స్కార్ఫులుగా మారిన తీరు గురించి. జెన్నీ కీ, లిండా జాక్సన్ 1970ల నుంచి చేసిన దుస్తులు, అచ్చు వేసిన బట్టలు, ఫొటోలు, కళాఖండాలు కలిపి నూటికి పైగా వస్తువులు అందులో పెట్టారు. 2020 మార్చి వరకు సాగింది. సాధారణంగా ఫ్యాషన్ ప్రదర్శన అంటే ఏ ఏడు ఏ కత్తిరింపు నడిచిందో చెప్పే వరుస. ఇక్కడ ఒక పువ్వును నలభై ఏళ్ల పాటు విడవకుండా చూసిన ఇద్దరు మనుషుల చూపు కనిపిస్తుంది. నన్ను మళ్లీ మళ్లీ వెళ్లేలా చేసింది అదే.

జెన్నీ కీ, లిండా జాక్సన్ ఎవరు? అక్కాచెల్లెళ్లా?

కాదు, స్నేహితులు. జెన్నీ కీ 1947లో సిడ్నీ సముద్రతీరంలోని బాండైలో పుట్టారు. తండ్రి చైనా మూలాలున్న ఆస్ట్రేలియన్, తల్లి వైపు ఇటలీ, ఇంగ్లండు మూలాలు. 1965లో లండన్ వెళ్లి అక్కడి చెల్సీ పాతవస్తువుల అంగట్లో పాతకాలపు దుస్తులు అమ్మే చోట పనిచేసి, 1972లో తిరిగి వచ్చారు. లిండా జాక్సన్ 1950లో మెల్‌బోర్న్‌లో పుట్టారు. ఫ్యాషన్ చదువుకుని, పాపువా న్యూగినీ, ఆసియా దేశాలు, ఐరోపా తిరిగి సిడ్నీ చేరారు. జెన్నీ చెయ్యి అల్లికలో, అచ్చు డిజైన్‌లో తిరిగింది. లిండా చెయ్యి కత్తిరింపులో, కుట్టులో, బట్ట మీద నేరుగా రంగు వేయడంలో తిరిగింది. ఒకరికి రానిది మరొకరికి వచ్చు కాబట్టే ఆ జోడీ నిలిచిందని నా నమ్మకం.

ఈ ఇద్దరి గురించి చెప్పినప్పుడల్లా ఫ్లమింగో పార్క్ అనే పేరు వస్తుంది, అది పార్కా?

దుకాణం. సిడ్నీ నడిబొడ్డున స్ట్రాండ్ ఆర్కేడ్ అనే పంతొమ్మిదో శతాబ్దపు అంగళ్ల భవనంలో 1973లో జెన్నీ కీ తెరిచారు. లిండా కుట్టిన గౌన్లు, జెన్నీ డిజైన్ చేసిన అల్లికలు అక్కడే అమ్మకానికి ఉండేవి. 1982లో లిండా విడిగా ‘బుష్ కుటూర్’ పేరుతో సొంత పని మొదలుపెట్టే వరకు ఇద్దరూ కలిసి నడిచారు. దుకాణం పేరులో ఉన్న ఫ్లమింగో, అంటే మన రాజహంస, మాత్రం నేటి ఆస్ట్రేలియా అడవుల్లో లేదు. దాన్ని మంద మందగా చూడాలంటే చలికాలంలో మన పులికాట్ సరస్సుకే వెళ్లాలి. సూళ్లూరుపేట వైపు వాళ్లకు ఈ మాట చెబితే ఎంత సంతోషిస్తారో!

తమ ఊరి పువ్వును బట్ట మీద వేసుకోవడంలో అంత గొప్ప ఏముంది?

ఈ ప్రశ్న అడిగినవారికి నేను చెప్పేది ఒకటే. 1973 నాటి సిడ్నీలో ఆ పని ఎవరూ చేయదగ్గదిగా చూడలేదు. మంచి బట్ట అంటే పారిస్, లండన్ నుంచి రావాలి, లేదా అక్కడి నమూనాను చూసి కుట్టాలి. అక్కడ శీతాకాలం అయితే ఇక్కడ ఎండాకాలం, అయినా అనుకరణ అటువైపే. కంగారు, కోలా బొమ్మలు ఉన్నవి పర్యాటకులు కొనుక్కునే తువ్వాళ్ల మీద, చాయ్ కప్పుల మీద. అలాంటి బొమ్మలను తీసుకుని, చేతి అల్లికలో, మేలైన పట్టులో, వెనకాడకుండా పెద్దగా వేసి, పండగ రోజు కట్టుకునే బట్ట స్థాయికి తెచ్చారు ఈ ఇద్దరూ. 1977లో ఇటలీ వోగ్ పత్రిక వీరి పనిని ప్రచురించింది. 1983లో పారిస్ ఫ్యాషన్ సంస్థ షనెల్ కోసం డిజైనర్ కార్ల్ లాగర్‌ఫెల్డ్ చేసిన తన తొలి దుస్తుల శ్రేణిలో జెన్నీ కీ ఒపల్ డిజైన్ బట్టను వాడారు. పదేళ్లలో అనుకరణ దిశ తిరిగింది. బయటివాళ్లు మెచ్చినందుకు కాదు, వాళ్లు మెచ్చక ముందే ఈ ఇద్దరికీ తమ పువ్వు మీద నమ్మకం ఉన్నందుకు నాకు వీరంటే గౌరవం.

యువరాణి డయానా వేసుకున్న కోలా స్వెట్టర్ వీళ్లదేనా?

అవును, జెన్నీ కీ డిజైన్. 1982లో ఒక పోలో ఆట చూడటానికి గర్భిణిగా ఉన్న డయానా అది వేసుకుని వెళ్లారు. ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగింది.

## బట్టల ముందు నిలబడినప్పుడు

ఎక్కడ చూసినా కనిపించే ఆ ఎర్రటి పెద్ద పువ్వు ఏమిటి?

వరాటా. సిడ్నీ చుట్టూ ఉన్న ఇసుకరాతి కొండల్లో పెరుగుతుంది. 1962 నుంచి న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర పుష్పం. ఆ పేరు సిడ్నీ ప్రాంతపు ఆదివాసుల భాష నుంచి వచ్చింది. దూరం నుంచి ఒకే పువ్వులా ఉంటుంది, దగ్గరికి వెళ్తే గోపురంలా పేర్చిన చిన్న చిన్న పూల గుత్తి, చుట్టూ ఎర్రటి రేకుల్లాంటి ఆకులు. కార్చిచ్చు వచ్చి చెట్టంతా కాలిపోయినా నేలలో ఉన్న దుంప లాంటి మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. ఈ ఇద్దరి దుస్తుల్లో ఆ పువ్వు ఒకచోట అల్లికగా, ఒకచోట అచ్చుగా, మరొకచోట బట్టనే రేకుల్లా మడిచిన గౌనుగా వస్తుంది.

తెలుగువాళ్లకు ఒక మాట చెప్పాలి. అరకు, చింతపల్లి కాఫీ తోటల్లో నీడ కోసం వేసిన, మిరియాల తీగ పాకించిన సిల్వర్ ఓక్ చెట్లను మీరు చూసే ఉంటారు. అవి ఆస్ట్రేలియా తూర్పు తీరం నుంచి వచ్చినవి, వరాటా కుటుంబానికి చెందినవే. నారింజ రంగు బ్రష్షుల్లా పూసే దాని పూలను ఈసారి తల ఎత్తి చూడండి, పోలిక తెలుస్తుంది.

నల్లటి బట్ట మీద నీలం, పచ్చ, ఎరుపు మెరుపులు ఉన్నాయి. అవి ఏమిటి?

ఒపల్ రాయి. ప్రపంచంలో దొరికే విలువైన ఒపల్‌లో అత్యధిక భాగం ఆస్ట్రేలియా నుంచే వస్తుంది. న్యూ సౌత్ వేల్స్‌లోని లైట్నింగ్ రిడ్జ్ నల్ల ఒపల్‌కు పేరుపొందిన ఊరు. 1993లో దీన్ని ఆ దేశపు జాతీయ రత్నంగా ప్రకటించారు. ఈ రాయిలో రంగు పదార్థం అంటూ విడిగా ఉండదు. కంటికి కనిపించనంత చిన్న సిలికా గోళాలు వరుసలుగా పేర్చి ఉంటాయి, వాటి మధ్య నుంచి వెలుతురు విరిగి రంగులుగా బయటికి వస్తుంది. రాయిని కొంచెం తిప్పితే రంగు మారుతుంది. కదలని బట్ట మీద కదిలే రంగును ఎలా వేయాలి? నల్లటి నేల మీద పక్కపక్కనే పొసగని రంగుల ముక్కలు వేసి జెన్నీ కీ దానికి జవాబు వెతికారు. మనిషి నడుస్తుంటే పట్టు ముడతల్లో ఆ ముక్కలు కలుస్తూ విడిపోతూ ఉంటాయి. ప్రదర్శన మొత్తంలో నేను ఎక్కువసేపు నిలబడింది ఒపల్ బట్టల దగ్గరే.

ఆస్ట్రేలియా అంటే ఎండిపోయిన నేల కదా. ఇన్ని రంగులు నిజంగా ఉంటాయా?

ఉంటాయి, కాకపోతే అవి విడివిడిగా ఉంటాయి. యూకలిప్టస్ అడవి దూరం నుంచి బూడిద కలిసిన ఆకుపచ్చగా, కొంచెం నీరసంగానే కనిపిస్తుంది. ఆ మసక తెర మీద ఒక్క పిట్ట వాలితే చాలు. మన రామచిలుక ఆకుపచ్చతో, మెడ చుట్టూ ఒక గీతతో తృప్తిపడుతుంది. సిడ్నీ వీధుల్లో తిరిగే రెయిన్‌బో లోరికీట్ అనే చిలుకకు నీలం తల, నారింజ రొమ్ము, పచ్చటి రెక్కలు. గలా అనే కాకటూ జాతి చిలుకకు బూడిద రంగు వీపు, గులాబీ రంగు రొమ్ము. ఆగస్టులో వాటిల్ చెట్లు పసుపు ముద్దలవుతాయి. అవి మన తుమ్మకు దగ్గరి బంధువులు, పూల గుండ్లు చూస్తేనే తెలిసిపోతుంది. మధ్య ఆస్ట్రేలియాకు వెళ్తే ఇనుము తుప్పు పట్టిన ఎర్ర నేల, ఈశాన్య తీరంలో 2,300 కిలోమీటర్లు సాగే పగడపు దిబ్బలు. ఈ బట్టల్లో రంగులు ఎక్కువయ్యాయని అనిపించిన ప్రతిసారీ నేను ఆ పిట్టలను గుర్తు చేసుకుంటాను. డిజైనర్లు కలిపింది తక్కువ, ఏరుకున్నది ఎక్కువ.

ఇవి నిజంగా వేసుకునే బట్టలా, అలంకరణకేనా?

వేసుకునేవే. జెన్నీ కీ స్వెట్టర్లు ఉన్నితో చేత్తో అల్లినవి, చలికాలంలో వేల మైళ్లు తిరిగినవి. లిండా గౌన్లలో కొన్ని వేడుకల కోసం కుట్టినవి, వాటిని రోజువారీ వాడకానికి అనుకోకూడదు. అయినా వాటి కత్తిరింపు శరీరాన్ని బిగించదు. చీర కట్టే మనకు ఆ వదులు, ఆ జారుడు వెంటనే అర్థమవుతాయి.

ఆదివాసుల చిత్రకళను వాళ్లు వాడుకున్నారా? అది తప్పు కాదా?

అడగవలసిన ప్రశ్న ఇదే, దీనికి తొందరపాటు జవాబు లేదు. ఆ నేలతో అరవై వేల ఏళ్లకు పైబడిన అనుబంధం ఆదివాసులది. వారి చుక్కలు, గీతలు అలంకారం కోసం వేసినవి కావు. ఏ కథ ఏ కుటుంబానిది, ఎవరు గీయవచ్చు అనే కట్టుబాటు ఉంటుంది. లిండా జాక్సన్ బుష్ కుటూర్ రోజుల్లో మధ్య ఆస్ట్రేలియాలోని యుటోపియా మహిళలతో కలిసి పనిచేశారు. ఆలిస్ స్ప్రింగ్స్‌కు ఈశాన్యంగా ఉన్న ఆ ప్రాంతంలో 1977 నుంచి మహిళలు బాతిక్ నేర్చుకుని, మైనం, రంగులతో పట్టు మీద తమ నేలను గీశారు. వారు గీసిన పట్టును లిండా దుస్తులుగా కుట్టారు. బొమ్మను చూసి దింపుకోవడానికీ, గీసినవారి బట్టనే కుట్టడానికీ తేడా ఉంది.

ఆ తేడాను చట్టం కూడా గుర్తించింది. ఆదివాసీ చిత్రకారుల చిత్రాలను అనుమతి లేకుండా తివాచీల మీద నేయించి దిగుమతి చేసిన వ్యవహారంలో 1994లో ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు చిత్రకారుల పక్షాన తీర్పు ఇచ్చి, లక్షా ఎనభై వేల డాలర్లకు పైగా పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. 1987లోనే బ్రాన్విన్ బాన్‌క్రాఫ్ట్ సహా ముగ్గురు ఆదివాసీ మహిళా డిజైనర్లు పారిస్‌లో తమ దుస్తులను తామే ప్రదర్శించారు. ఈ విషయంపై ఆసక్తి ఉన్నవారు ముందుగా వారి పనిని చూడాలని నా విన్నపం.

జెన్నీ కీ రైలు ప్రమాదం నుంచి బయటపడ్డారట. దానికీ డిజైన్లకూ సంబంధం ఉందా?

1977 జనవరి 18న సిడ్నీకి పడమట ఉన్న నీలి పర్వతాల (బ్లూ మౌంటెన్స్) నుంచి సిడ్నీ వస్తున్న రైలు గ్రాన్‌విల్ దగ్గర పట్టాలు తప్పి వంతెన స్తంభాలను ఢీకొంది. వంతెన పెట్టెల మీద కూలింది. 83 మంది చనిపోయారు. జెన్నీ కీ, ఆమె చిన్నారి కూతురు అదే రైలులో ఉండి బతికారు. తర్వాత ఆమె జీవితం నీలి పర్వతాల్లోని బ్లాక్‌హీత్‌లో, అడవి అంచున వేళ్లూనుకుంది. ఆమె బొమ్మల్లో వరాటా అంత పట్టుదలగా రావడం చూసినప్పుడు, కాలిపోయినా చిగురించే మొక్కను ఆమె ఎందుకు ఎంచుకున్నారో నాకు అర్థమైనట్టు అనిపిస్తుంది. ఇది నా ఊహ మాత్రమే.

## మ్యూజియం తెర వెనుక

రంగుల ప్రదర్శన కదా, గదిలో అంత మసక వెలుతురు ఎందుకు?

వెలుతురు బట్ట రంగును తినేస్తుంది, ఒకసారి వెలిసిన రంగు తిరిగి రాదు. అందుకే మ్యూజియాలు సాధారణంగా బట్టల మీద 50 లక్సులకు (లక్సు అంటే వెలుతురు కొలత) మించి వెలుతురు పడనివ్వవు, అతినీలలోహిత కిరణాలను వడకడతాయి. మన ఇళ్లలో చదువుకునే బల్ల మీద దీపం దానికి ఎన్నో రెట్లు ఎక్కువ వెలుతురు ఇస్తుంది. లోపలికి వెళ్లగానే రెండు మూడు నిమిషాలు ఆగండి, కళ్లు అలవాటు పడ్డాక రంగులు వాటంతట అవే లేస్తాయి. ఎండలో నుంచి వచ్చి గబగబా నడిచేవాళ్లు సగం చూడకుండానే బయటికి వచ్చేస్తారు.

స్వెట్టర్లను హ్యాంగర్‌కు తగిలిస్తే సరిపోదా? దుస్తులు తొడిగే ఆ మనిషి బొమ్మలకు అంత శ్రమ ఎందుకు?

అల్లిన బట్ట తన బరువుకు తానే సాగుతుంది. హ్యాంగర్‌కు నెలల పాటు వేలాడితే భుజాల దగ్గర బుడిపెలు వస్తాయి, కింది అంచు దిగిపోతుంది. అందుకే నిల్వలో వాటిని పరిచి, మడత పడే చోట ఆమ్లం లేని పల్చటి కాగితం చుట్టి పెడతారు. ప్రదర్శనకు తీసినప్పుడు ఆ దుస్తు వేసుకున్న మనిషి కొలతలకు తగ్గట్టు బొమ్మకు దూది, గుడ్డ పొరలు చుట్టి తొడుగుతారు. పట్టుచీరను బీరువాలో ఏడాదికోసారి మడతలు మార్చి పెట్టే మన అమ్మమ్మలకు ఈ సూత్రం తెలుసు.

ఫొటోలు తీసుకోవచ్చా?

చాలా మ్యూజియాల్లో సొంత వాడకానికి, ఫ్లాష్ లేకుండా తీసుకోనిస్తారు. ద్వారం దగ్గర రాసి ఉంటుంది, చదివి తీయండి.

ప్రదర్శన జరిగిన రోజుల్లోనే కార్చిచ్చులు వచ్చాయి కదా?

అవును. 2019 అక్టోబరు చివర్లో పిడుగు పడి మొదలైన గాస్పర్స్ మౌంటెన్ కార్చిచ్చు ఒక్కటే ఐదు లక్షల హెక్టార్లకు పైగా అడవిని కాల్చింది. ప్రపంచ వారసత్వ ప్రాంతమైన నీలి పర్వతాల్లో దాదాపు 80 శాతం ఆ వేసవిలో మంటల బారిన పడింది. నేను డిసెంబరులో వెళ్లిన రోజు నగరమంతా పొగ. గొంతు మండుతుండగా మ్యూజియం లోపలికి వెళ్లాను. లోపల వరాటాలు, కోలాలు, చిలుకలు, బయట వాటి ఇల్లు కాలుతున్న వాసన. ఆ రోజు నాకు ఆ బట్టలు అందంగా కనిపించలేదు, గుండె పట్టేసింది. మరోసారి వెళ్లాకే వాటిని మామూలుగా చూడగలిగాను.

## ఇప్పుడు చూడాలంటే

ప్రదర్శన ముగిసింది. ఆ దుస్తులు ఇప్పుడు ఎక్కడ చూడవచ్చు?

ఈ ఇద్దరి పని పవర్‌హౌస్ సేకరణలో, మెల్‌బోర్న్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ విక్టోరియాలో, కాన్‌బెరాలోని ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీలో ఉంది. అయితే సేకరణలో ఉన్నవన్నీ ఎప్పుడూ బయట ఉండవు, బట్టలకు విశ్రాంతి ఇస్తారు. అందుకే బయలుదేరే ముందు ఫోను చేసి కనుక్కోండి. సిడ్నీలోని అల్టిమో ప్రాంతంలో ఉన్న పవర్‌హౌస్ భవనం పునర్నిర్మాణం కోసం 2024 ఫిబ్రవరిలో మూతపడింది. కాజిల్ హిల్‌లో ఆ మ్యూజియం నిల్వల కేంద్రం ఉంది, పశ్చిమ సిడ్నీలో ఉండే మనవాళ్లకు అది దగ్గర కూడా. వేరే దేశంలో ఉన్నవారికి పవర్‌హౌస్ వెబ్‌సైటులో సేకరణ ఫొటోలు ఉచితంగా దొరుకుతాయి.

బట్టల కంటే ముందు ఆ పూలను చూడాలని ఉంది. ఎప్పుడు వెళ్లాలి?

నాకు ఎంతో నచ్చే ప్రశ్న. వరాటా కోసం సెప్టెంబరు, అక్టోబరు నెలలు. కొండ మీదికి వెళ్లేకొద్దీ పూత ఆలస్యమవుతుంది. సిడ్నీ సెంట్రల్ స్టేషన్ నుంచి రైలు ఎక్కితే దాదాపు రెండు గంటల్లో బ్లాక్‌హీత్ చేరుతారు. మౌంట్ టోమాలో ఉన్న వృక్షశాస్త్ర ఉద్యానం కూడా మంచిది, కానీ అక్కడికి కారు ఉండాలి. వాటిల్ కోసం ఆగస్టు, సెప్టెంబరు. అడవిలో పూలు కోయకండి, అవి చట్టం కాపాడుతున్న పూలు.

అమ్మానాన్నలు ఎక్కువ నడవలేరు. వారికి ఈ ప్రయాణం కుదురుతుందా?

కుదురుతుంది. బ్లాక్‌హీత్‌లో గోవెట్స్ లీప్ అనే చోటికి కారు నేరుగా వెళ్తుంది, నాలుగు అడుగులు వేస్తే లోయ కనిపిస్తుంది. కొండ మీద చలి ఎక్కువ, అక్టోబరులో కూడా శాలువా పెట్టుకోండి.

## మన నేలకు తెచ్చుకోవాలంటే

మన కలంకారీలో ఎప్పటి నుంచో పూలు, పక్షులు ఉన్నాయి కదా. ఇందులో కొత్తేముంది?

ఉన్నాయి, కానీ వాటిలో చాలా పూలు మన నేలవి కావు. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల్లో మచిలీపట్నం తీరం నుంచి ఐరోపాకు వెళ్లిన బట్టల మీద కొనేవారు పంపిన నమూనాల పూలు ఉండేవి. మన పనివారు వాటిని తమ చేతి నేర్పుతో మార్చుకుని ఒక ఊహాలోకపు చెట్టును సృష్టించారు. అది గొప్ప కళే. అయితే ఆ బట్టలో అసలు స్థానికత బొమ్మలో కంటే రంగులో ఉంది. కరక్కాయ, పటిక, బెల్లం, ఇనుము ఊరబెట్టిన నల్ల నీళ్లు, నీలిమందు, తీరప్రాంతపు ఇసుక నేలల్లో తవ్వి తీసిన చిరివేరు ఎరుపు. పెడన అచ్చులోనైనా, శ్రీకాళహస్తి కలంలోనైనా ఆ రంగుల వెనుక మన నేల ఉంది. సిడ్నీ డిజైనర్లు బొమ్మలో నేలను తెచ్చారు, మనవాళ్లు రంగులో తెచ్చారు. రెండూ ఒకే బట్ట మీదికి వస్తే చూడాలని నాకు కోరిక.

అలాంటి పని కోసం మన దగ్గర ఏ పూలు, పక్షులు తీసుకోవచ్చు?

తంగేడుతో మొదలుపెట్టవచ్చు. బతుకమ్మలో అది గునుగు పక్కన నిలిచినప్పుడు పసుపు, తెలుపు, గులాబీ రంగుల వరుస అప్పటికే తయారుగా ఉంటుంది. ఆకు రాలిన అడవిలో మోదుగ పూసిన ఎరుపు, పాలపిట్ట రెక్క విప్పినప్పుడు బయటపడే రెండు నీలాలు, పులికాట్ రాజహంసల రెక్కల అంచు, నల్లమల రాళ్ల మీద నాచు కూడా ఉన్నాయి. పాలపిట్టను వాలి ఉన్నప్పుడు గీస్తే గోధుమ రంగు పిట్ట, ఎగిరేటప్పుడు గీస్తే వేరే పిట్ట. ఏ క్షణాన్ని ఎంచుకుంటారో అదే డిజైన్.

నేను డిజైన్ విద్యార్థిని. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఫోనులో బొమ్మలు వెతకడం మానేసి, ఒక చెట్టును ఎంచుకోండి. ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో ఉండాలి. మొగ్గ నుంచి కాయ వరకు వారానికి ఒకసారి గీయండి, రంగు పేర్లు రాయకుండా రంగు ముక్కలే పక్కన అంటించండి. పసుపు అని రాస్తే తంగేడు, తుమ్మ, ఆవ పూలు మూడూ ఒకటైపోతాయి, అంటిస్తే అవి ఎంత వేరో కనిపిస్తుంది. ఆ తర్వాతే బట్ట గురించి ఆలోచించండి. ఉన్నికి పెద్ద ఆకారాలు నప్పుతాయి, అల్లికలో కుట్లు గళ్లుగా ఉంటాయి కాబట్టి సన్నని గీత మెట్లుమెట్లుగా విరుగుతుంది. పట్టు మీద అచ్చుకు సన్నని గీత కుదురుతుంది. మంగళగిరి నూలు మీద వేయాలనుకుంటే ముందు ఒక నేతకారుడి పక్కన ఒక రోజు కూర్చోండి, అంచు ఎక్కడ ఆగుతుందో ఆయన చెప్పాక మీ పువ్వు పరిమాణం మారుతుంది.